శేషప్ప నోటికి చిక్కిన కరెంటు కారు

కరిహాలులో శేషప్ప చెప్పే మాటను ఎవరూ నమ్మరు. అయితే దాన్ని ఇంకొకరి చెవిన వెయ్యకుండా ఎవరూ ఉండలేరు. అందువల్ల పొద్దున గోవిందన్న హోటల్లో శేషప్ప ఊదిన కబురు పాల క్యాన్లతో పాటు ఆదోనికి పోతుంది. అక్కడ బస్సెక్కి ఎమ్మిగనూరు సంతకు పోతుంది. సాయంత్రానికి కాళ్లు కడుక్కుని, నిజమై, ఊరికి తిరిగి వస్తుంది. అప్పుడు శేషప్పే నోరు తెరుచుకుని వింటాడు. "అట్లనా! నాకు తెల్దే!" అంటాడు.

మనిషి ఎండిన కందికట్టెలా ఉంటాడు. మీసం మాత్రం ఇద్దరికి సరిపోయేంత ఉంటుంది. చిన్నప్పుడు ఆదోని పత్తి లారీల మీద క్లీనరుగా చేరి, బేళ్ల మీద పడుకుని లోకం చూశాడు. ఆ తర్వాత సొంతంగా ఒక డీజిల్ జీపు సంపాదించి, ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య సర్వీసు తోలాడు. లోపల ఎంతమంది కూర్చోవాలో కంపెనీ వాళ్లు ఒక రేకు మీద రాసి బిగించారు గాని, శేషప్ప ఆ రేకుకు ఆనించి కూడా ఒకరిని కూర్చోబెట్టేవాడు.

దసరాకు దేవరగట్టు పోయేటప్పుడు వెనక జనం బరువెక్కువై జీపు ముందు చక్రాలు దూడ కాళ్లలా పైకి లేచాయనీ, హొళగుంద దాకా వెనక చక్రాల మీదే తోలుకుపోయాననీ అతను చెప్పేవాడు. ఒకసారి దారిలో డీజిల్ అయిపోతే, బండిలో ఉన్న వేరుశనగ నూనె డబ్బా ట్యాంకులో వంచాడట. పొగ గొట్టం లోంచి బజ్జీల వాసన వచ్చిందట. జనం పళ్లేలు పట్టుకుని ఎమ్మిగనూరు దాకా జీపు వెనక పరుగెత్తారట. ఈ కథ విన్నవాళ్లలో ఒకరిద్దరు ఆ పళ్లెం పట్టుకుని పరుగెత్తింది తామేనని ఇప్పటికీ చెబుతారు.

షేర్ ఆటోలు వచ్చాయి. జీపుకు వయసైపోయింది. పాత ఇనుము వాళ్లు దాన్ని ముక్కలు చేసి పట్టుకుపోయిన రోజు శేషప్ప ఏ కథా చెప్పలేదు. గేరు కడ్డీ మీది నల్లటి గుండును మాత్రం ఊడదీసుకుని ఇంట్లో గూట్లో పెట్టుకున్నాడు. బోరు కింద ఉన్న కాస్త మిరప తోట చూసుకుంటూ, హోటలు బల్ల మీద కూర్చుని కాలం గడుపుతున్నాడు.

అతనికి ఒక్కతే కూతురు, రేణుక. అందుకని గూడూరు వైపు నుంచి ప్రకాష్ అనే కుర్రవాణ్ణి ఇల్లటం అల్లుడిగా తెచ్చుకున్నారు. కొడుకులు లేని ఇంటికి అల్లుడే కొడుకై వచ్చి ఉండడం ఆ సీమలో మామూలే. ప్రకాష్ నెమ్మదస్తుడు. ఎవరి కారో తోలుతూ తోలుతూ, చివరికి తన సొంత కారు తెచ్చుకున్నాడు. తెల్లటి కరెంటు కారు. ఆదోని స్టేషనుకు, ఆస్పత్రులకు, మంత్రాలయానికి బాడుగలు తోలుకోవాలని అతని ఆశ.

కారు వచ్చిన రోజు శేషప్ప భార్య హనుమంతమ్మ టెంకాయ, నిమ్మకాయలు, కుంకుమ పళ్లెంలో పెట్టుకుని బయటికి వచ్చింది. ముందుకు పోయి వంగి చూసింది, వెనక్కి పోయి చూసింది.

"బొట్టు యాడ పెట్టాల్రా నాయనా? ఇంజను యాడుండాది దీనికి?"

"ఇంజను లేదత్తా. బ్యాటరీ. అది కిందుంటాది."

"కింద పెడితే ఎవురికి కనపడతాది?" అని ఆమె కారు నుదుటి మీదే ఇంత కుంకుమ మెత్తింది. ప్రకాష్ నిమ్మకాయలు తొక్కించి కారును ముందుకు పోనిచ్చాడు. నిమ్మకాయలు చితికిన చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

శేషప్ప చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగాడు. ఎన్నో ఏళ్లు బండ్లతో బతికిన మనిషి కదా, ముందు మూత ఎత్తమన్నాడు. ఎత్తితే లోపల రెండు మూడు మూతపెట్టిన డబ్బాలు, నారింజ రంగు వైర్లు, పక్కన ఒక ఖాళీ జాగా. ఫ్యాను బెల్టు లేదు. ఆయిల్ చూసే పుల్ల లేదు. వేలికి అంటించుకుని వాసన చూడడానికి చుక్క నూనె లేదు. పరుగెత్తీ పరుగెత్తీ వచ్చినవాడు తలుపుకు తాళం చూసినట్టు శేషప్ప చేతులు గాలిలో ఆగిపోయాయి.

"దీంట్లో మనం సూసేదేమీ ల్యాదు మామా," అన్నాడు ప్రకాష్, మామూలుగానే.

ఆ మాటలో అల్లుడికి ఏ ఉద్దేశమూ లేదు. కాని శేషప్పకు, ఇన్నేళ్ల నుంచి చేతుల్లో దాచుకున్నదంతా ఖాళీ సందూకులా కనిపించింది. మూత తనే దించి, తువ్వాలు భుజాన వేసుకుని, తిన్నగా గోవిందన్న హోటలుకు పోయాడు.

"ఏమన్నా శేషప్పన్నా, అల్లుడు కొత్త కారు తెచ్చినాడంట?" అని గోవిందన్న టీ గ్లాసు అందించాడు.

"కారా అది? పిశాచం. వైరు పెడితే సాలు, మా ఇంట్లో ట్యూబులైటు బీడీ కొస మాదిరి ఎర్రగయితాది. ఫ్యాను ఎనక్కి తిరుగుతాది. నిన్న మీ వదిన గ్రైండర్లో పిండి ఏసింటే మళ్లా బియ్యమై బయటికొచ్చింది!"

హోటలు హోటలంతా పగలబడి నవ్వింది. మిరప రైతు మాదన్న ముక్కులోంచి టీ వచ్చింది.

"ఒగ నీళ్లగుంతలో దిగితే సాలు, లోపలోళ్లందరికీ షాక్ కొట్టి నెత్తి మీద ఎంటికలు నిక్కపొడుసుకుంటాయంట. మంగలాయన కొట్టు మూసుకోవాల్సిందే," అన్నాడు మరొకడు.

"అంతేనా? వాన పడితే కాలిపోతాది, ఎండకొడితే పేలిపోతాది. మధ్య కాలంలో మాత్రం బాగుంటాది," అన్నాడు శేషప్ప. "ఆ మధ్య కాలం మన ఊర్లో యాడుండాది? కారు గాదప్పా, అది కరెంటు తాగే ఎనుము. ఊరి కరెంటంతా తాగుతాది. సూస్తాండండి."

చాలా రోజుల తర్వాత శేషప్పకు ఒళ్లు తేలికపడింది. రోజుకొక కొత్త తోక తగిలించాడు. ప్రకాష్ చెవిన పడ్డా నవ్వి ఊరుకున్నాడు. ముసలాయన సంతోషంగా ఉన్నాడు కదా అనుకున్నాడు.

ఇంతలో వానలు మొహం చాటేశాయి. మిరప పూత మీద ఉంది. తడి తగలకపోతే పూత రాలిపోతుంది. ఊరి బోర్లన్నీ ఒక్క ట్రాన్స్‌ఫార్మరు మీదే నడుస్తాయి. పొలాలకు కరెంటు వచ్చే వేళ అయ్యింది. వచ్చింది. పెద్ద చప్పుడు, నల్లటి పొగ. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది.

ఇది కొత్త సంగతి కాదు. పోయిన ఏడూ కాలింది, అంతకు ముందూ కాలింది. కారణం ప్రతి పొలంలోనూ ఎర్ర లైటు మెరిపిస్తూ గోడకు వేలాడుతూనే ఉంది. దాన్ని ఆటో స్టార్టర్ అంటారు. కరెంటు రాగానే మోటరును తనంతట తానే వేసే డబ్బా. అది ఉంటే రైతు పొలానికి పోనక్కర లేదు, ఇంట్లోనే పడుకోవచ్చు. అందుకని అందరూ పెట్టుకున్నారు. కరెంటు వచ్చిన క్షణంలో ఊరి మోటర్లన్నీ ఒక్కసారి గుంజుతాయి. మోటరుకు మొదలయ్యేటప్పుడే ఆకలెక్కువ. ట్రాన్స్‌ఫార్మరు ఎంతమందికని పెడుతుంది?

కాని ఆ రోజు ఆ డబ్బాలు ఎవరికీ గుర్తుకు రాలేదు. కారు గుర్తుకు వచ్చింది.

కాలిన ట్రాన్స్‌ఫార్మరును దించి ట్రాక్టరెక్కించాక, ఖాళీ దిమ్మె దగ్గర ఊరు గుమికూడింది. లైన్‌మన్ బసన్న చెమటలు కక్కుతూ చెప్పాడు. "అప్పా, ఇండ్ల లైను వేరు, మోటర్ల లైను వేరు. కారు ఇంట్లో తాగితే ఈ ట్రాన్స్‌ఫారం ఎట్ల కాలుతాది? మీ ఆటో డబ్బాలు తీసెయ్యండి. మోటర్లు చేత్తో ఏసుకోండి, ఒగరి తర్వాత ఒగరు. నేను ఎన్ని తూర్లు సెప్పలేదు?"

"నువ్వు లైన్‌మనువా, ప్రకాషు లాయరువా?" అన్నాడు మాదన్న. అతని తోటలో పూత అప్పుడే వాలిపోతోంది. మనిషి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "లైన్లు వేరైతే ఏమి, కరెంటు వచ్చేది ఒగ తావు నుంచే గదా? కారు కరెంటు తాగుతాదని ఇంట్లో మనిషే సెప్పినాడు. ఏం శేషప్పా, సెప్పినావా లేదా?"

అందరూ శేషప్ప వైపు తిరిగారు. ప్రకాష్ కూడా చూశాడు. శేషప్ప తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"సెప్పినాడు. మేమందరం ఇన్నాం," అన్నారు జనం.

తీర్మానం అయిపోయింది. కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఎక్కించే నాటికి కారు ఊళ్లో ఉండకూడదు. ఉంటే వైర్లు తెంచుతారు. ప్రకాష్ ఎవరితోనూ వాదించలేదు. ఇంటికి వచ్చి, రేణుకతో, "ఆదోనిలో ఒగ రూము సూస్తా," అన్నాడు.

హనుమంతమ్మ చేతిలో చేట కింద పెట్టి భర్త వైపు తిరిగింది. "ఇల్లటం వచ్చినోన్ని ఊరోళ్లు తరమలేదయ్యా, నువ్వు తరిమినావు. ఆ నోటికి ఒగ తాళం ఏసుకోకూడదా?"

"నవ్వుకుంటారని సెప్పినానే..."

"నా కారును సూసి నవ్వితే నాకేమీ బాధ ల్యాదు మామా," అన్నాడు ప్రకాష్. "వాళ్ల పైరు పోతాంటే నేను నవ్వుకుంటా ఆడ నిలబడలేను. మాదన్న నన్ను సూసే సూపు నాకు ఓర్చుకోను కాలేదు."

అల్లుడు తనను తిట్టి ఉంటే బాగుండును అని శేషప్పకు అనిపించింది.

తెల్లారగానే హోటలుకు పోయాడు. బల్ల మీద కూర్చోకుండా నిలబడే చెప్పాడు. "అప్పా, నేను సెప్పిందంతా ఉత్త అబద్ధం. ట్యూబులైటు ఎర్రగ కాలేదు. ఫ్యాను ఎనక్కి తిరగలేదు. పిండి బియ్యం కాలేదు."

మాదన్న గ్లాసు కింద పెట్టి జాలిగా చూశాడు. "కూతురు ఏడిసిందా శేషప్పా?"

"అల్లుడు బెదిరించింటాడు," అన్నాడొకడు.

"పాపం పెద్దాయన, ఇంట్లో కూడు దొరకాల గదా. సెప్పమన్నది సెప్తాండాడు," అన్నాడు గోవిందన్న, టీ చేతికిస్తూ. "పోనీలే అన్నా. నిజం మాకు తెలుసు."

ఇన్నేళ్లలో శేషప్ప నోటి వెంట నిఖార్సైన నిజం రావడం అదే మొదలు. ఒక్కరూ నమ్మలేదు. పైగా అతన్ని ఓదార్చారు.

ఆ టీ తాగలేక చేత్తో పట్టుకునే చాలాసేపు కూర్చున్నాడు. బసన్న నిజం చెప్పాడు, ఎవరూ వినలేదు. తను నిజం చెప్పాడు, ఎవరూ వినలేదు. ఈ ఊరికి నిజం పడదు, పాలు పడని కడుపులా వెనక్కి తిప్పికొడుతుంది. అయితే అలవాటైన తిండే పెట్టాలి. ఆ ఆలోచన రాగానే శేషప్ప మీసం చాలా రోజుల తర్వాత ఒక పక్కకు కదిలింది. జనం లేచిపోయేదాకా ఆగి, గోవిందన్నను పొయ్యి వెనక్కి పిలిచాడు.

"గోవిందా, ఒగ మాట. ఎవురికీ సెప్పనని ఒట్టెయ్యి."

"నా పొయ్యి మీద ఒట్టు."

"కారు కరెంటు తాగేది నిజమే. అల్లుడు ఫోన్లో కంపెనీవోళ్లతో మాట్లాడతాంటే ఇన్నా. కాని అది ఊరికే తాగలేదంట. లోపలి మనిషి ఒగరు తలుపు తియ్యాలంట."

"ఎవురన్నా ఆ లోపలి మనిషి?"

"ఆటో స్టార్టర్. ఆ డబ్బాలో ఎర్ర లైటు మెరుస్తాది గదా, ఏంటికి మెరుస్తాది? కారుకు కన్నుకొడతాది! రెండూ ఒగే తావు పుట్టినాయి. కారుకీ డబ్బాకీ మేనరికం. డబ్బా ఉండే మోటరు కరెంటునే కారు లాక్కునేది. అది పీకేసినావనుకో, కారు నోరు ఎండబెట్టుకుని సావాల్సిందే."

గోవిందన్న కళ్లు టీ గ్లాసులంత అయ్యాయి. "అయితే ఆ బసన్న గూడా తీసెయ్యమనే సెప్పినాడే?"

"వాడు గవర్మెంటు మనిషి. కారణం సెప్తే ఉద్యోగం పోతాది. అర్థమయ్యేటట్ల సగం సెప్పినాడు పాపం. ఇంకొగటి. మోటర్లన్నీ ఒగేసారి ఏస్తే గుంపులో ఎవురి కరెంటు పోయిందో తెల్దు. కారుకు అదే సందు. ఒగరేసి, ఆగి, సూసి, ఇంకొగరు ఏసుకోవాల. అప్పుడు దొంగ దొరుకుతాది. ఎవురికీ సెప్పద్దు సుమా."

సాయంత్రానికల్లా దేవనకొండ నుంచి మాదన్న బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మీ పక్క ఆటో డబ్బాలతో జాగ్రత్త. మా తావున ఒగూర్లో పదెద్దుల బలమున్న మోటర్నే కారు పీల్చేసిందంట!" అన్నాడు. దేవనకొండ నుంచి వచ్చిన మాట కాబట్టి ఇక సందేహం లేదు. చీకటి పడేలోగా కరిహాలు రైతులు పొలాలకు పోయి, తిట్టుకుంటూ, ఆటో స్టార్టర్ల వైర్లు పీకేశారు. బసన్న ఏళ్ల తరబడి బతిమాలినా జరగని పని పొయ్యి వెనక గుసగుసతో జరిగిపోయింది.

గోవిందన్న పొయ్యి మీద ఒట్టేసినా, ఆ మాట మొదట శేషప్పదేనని ఊరందరికీ తెలిసిపోయింది. మాదన్న మాత్రం ఒక షరతు పెట్టాడు. "కారు ఈడే ఉండనీ. కొత్త ట్రాన్స్‌ఫారం ఎక్కిన రోజు అందరి ముందర దానికి వైరు పెట్టాల. మన మోటర్లు నడిస్తే సరి. ల్యాకుంటే కారూ పోవాల, శేషప్ప మాటా ఊర్లో ఇంక చెల్లకూడదు."

ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. దిమ్మె ఎక్కింది. జనం దసరా కర్రల సమరానికి దేవరగట్టు పోయినట్టు చేతికందిన కట్టెలు పట్టుకుని కొందరు శేషప్ప ఇంటి ముందర, కొందరు పొలాల గట్ల మీద నిలబడ్డారు. ప్రకాష్ కారుకు వైరు పెట్టాడు. మామ ఏం కథ కట్టాడో అతనికి ఇంకా పూర్తిగా తెలియదు. రేణుక తలుపు చాటు నుంచి చూస్తోంది. దిమ్మె దగ్గర నిలబడ్డ శేషప్ప గుండె పాత జీపు ఇంజనులా తన్నుకుంటోంది. కథ తనది. ఇంతకాలం ఏ కథ మీదా తను ఇంత బరువు ఎక్కించలేదు.

బసన్న స్విచ్చి వేశాడు. ట్రాన్స్‌ఫార్మరు తుమ్మెదలా మూలిగింది. మొదట మాదన్న మోటరు వేయాలని ఒప్పందం. మాదన్న ఇంకా చెయ్యి ఎత్తనే లేదు. అంతలో అవతలి గట్టున ఒక మోటరు దానంతట అదే గర్రుమంది.

"ఎవురిదిరా అది?"

అది శేషప్పదే. ఊరందరి డబ్బాలూ పీకించిన మనిషి తన పొలంలో డబ్బా సంగతి మరిచిపోయాడు.

కట్టెలన్నీ అతని వైపు తిరిగాయి. శేషప్ప రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అరిచాడు.

"సూసినారా! నేను సెప్పలే? అది మామ మోటరును గూడా వదల్లేదు! సొంత మామనప్పా! అల్లుని కారు!"

పంచె ఎగ్గట్టి పొలానికి పరుగెత్తాడు. వెనక జనం, "పీకన్నా, పీకు!" అని కేకలు పెట్టారు. మోటరు షెడ్డులో గోడ మీద ఎర్ర లైటు మెరిసింది, ఆరింది, మెరిసింది. శేషప్ప చెయ్యి చాపి ఎందుకో ఆగిపోయాడు. ఆ కన్ను తననే చూస్తున్నట్టనిపించింది. మరుక్షణం వైర్లతో సహా డబ్బాను గోడ నుంచి పెరికేశాడు.

మాదన్న మోటరు వేశాడు. నీళ్లు పడ్డాయి. ఆగి చూశారు. పక్కవాడు వేశాడు. ఒకదాని తర్వాత ఒకటిగా ఊరి మోటర్లన్నీ అందుకున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు అలాగే మూలుగుతూ కూర్చుంది. కాలువ వెంట నీళ్లు పాకి మిరప మొదళ్లను అందుకుంటుంటే, మాదన్న కట్టె పడేసి గట్టు మీద చతికిలబడ్డాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"కోరలు పీకినాం దానికి," అన్నాడు చివరికి. "ఇంక ఉంటే ఉండనీ. కరవదు."

అలా కారు ఊళ్లో ఉండిపోయింది. ఆ ట్రాన్స్‌ఫార్మరు మళ్లీ కాలలేదు. మొదటి మిరప కోత తర్వాత మాదన్నకు ఆదోని ఆస్పత్రిలో కళ్లు చూపించుకోవాల్సి వస్తే ప్రకాష్ కారులోనే బయల్దేరాడు. ఎక్కే ముందు కారు నుదుటి మీద, కుంకుమ ఆరిన చోట చెయ్యి వేసి చూశాడు.

"నిదానంగా పో అల్లుడా. పాపం, ఇంటి కరెంటుతో అర్ధాకలిగా బతుకుతాండాది," అన్నాడు.

శేషప్ప కూడా తోడు పోయాడు. అల్లుడి కారులో ముందు సీటులో కూర్చోవడం అదే మొదలు. రోడ్డు మీద బండి సాగిపోతుంటే అతని చెయ్యి తనకు తెలియకుండానే గేరు గుండు కోసం తడుముకుంది. ఏమీ దొరక్క మోకాలి మీద వాలింది. వెనక సీట్లో మాదన్న గురక మొదలుపెట్టాడు.

ప్రకాష్ గొంతు తగ్గించి అడిగాడు. "మామా, నిజం సెప్పు. ఆ మేనరికం కథ ఎట్ల కట్టినావు?"

"కథేంది?"

"డబ్బా కన్నుకొడితే కారు కరెంటు తాగేది. కథ గదా?"

శేషప్ప కిటికీలోంచి పొలాల వైపు చూశాడు. నీళ్లు పారుతున్నాయి. ఏ షెడ్డులోనూ ఎర్ర లైటు లేదు.

"కథే అల్లుడా, కథే," అన్నాడు. కాసేపటికి మళ్లీ, ఇంకా నెమ్మదిగా అన్నాడు. "అయితే నువ్వు మాత్రం కారును ఇంట్లో పెద్ద పెట్టె ఉండే గోడకు ఆనించి నిలపద్దు. పీకిన డబ్బాను నేను ఆ పెట్టెలోనే పెట్టి తాళమేసినా."